ఆవిరమ్మను పంపిన ఇల్లు

మా సంఘానికి ఎవరు కొత్తగా వచ్చినా, మిషనరీ కమిటీ సెక్రటరీగారు వాళ్ళని వరండాలోకి తీసుకెళ్ళి గోడమీద ఫోటోలు చూపిస్తారు. మొదట డాక్టరమ్మ, ఆ పక్కన ఇద్దరు బోధకులు, వాళ్ళ పక్కన మా అత్తయ్య. "ఈవిడ కూడా మన సంఘమే! ఈ వయసులో సముద్రం దాటి వెళ్ళింది" అని ఆకాశానికెత్తేస్తారు. నేను అక్కడే ఉంటే మాత్రం నావైపు చూసి ఒకసారి దగ్గుతారు. పాపం, మంచి మనిషి. ఆ దగ్గు ఎందుకో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. నా నోరు ఎలాగూ ఊరుకోదు కాబట్టి నేనే చెప్పేస్తాను. ఇంకొకరు చెబితే ఉప్పూకారం ఎక్కువ వేస్తారు.

మా అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, పెద్దాసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. నర్సు కాదు, ఆయా కాదు. ఆపరేషన్ గది వెనకాల కిటికీలు లేని గది ఒకటి ఉంటుంది. ఆపరేషన్‌కి వాడిన గుడ్డలు, కత్తెరలు, పట్టకార్లు అన్నీ అక్కడికే వస్తాయి. వాటిని కడిగి, ఉతికి, మడిచి, చిల్లులున్న స్టీలు డ్రమ్ముల్లో సర్ది, ఆటోక్లేవ్ అనే పెద్ద ఉక్కు పెట్టెలో పెట్టి ఆవిరి పట్టించాలి. ఆ గదిలో నిలబడితే పది నిమిషాల్లో జాకెట్టు ఒంటికి అతుక్కుపోతుంది. నేనొకసారి అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి, అయిదు నిమిషాలు కూడా ఉండలేక బయటికి పరిగెత్తాను. అత్తయ్య లోపలినుంచి నవ్వింది.

ఆ గదిలో ఆవిడ మాటే మాట. ఒకసారి పెద్ద సర్జన్ ఆపరేషన్ బల్ల దగ్గర చేతులు కడుక్కుని నిలబడి, ఆవిరి పట్టిన గుడ్డల కట్ట తెమ్మని అరుస్తున్నాడట. అత్తయ్య కట్టని రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. ఒక మూల చెమ్మ తగిలింది.

"ఇవ్వను సార్, తడిగా ఉంది" అంది.

"కట్టకి అంటించిన టేపు మీద గీతలు నల్లబడ్డాయి కదా!" అని ఆయన గుడ్లురిమాడు.

"టేపుకి వేడి తెలుస్తుంది సార్, తడి తెలీదు. తడి గుడ్డ చుట్టూ ఉన్న మురికినంతా లోపలికి పీల్చుకుంటుంది. ఇంకో గంట ఆగండి" అని కట్టని వెనక్కి తీసుకుపోయింది.

ఆయన మండిపడుతూ వెళ్ళి సూపరింటెండెంటుకి చెప్పాడు. సూపరింటెండెంటు వచ్చి ఆ కట్ట పట్టుకుని చూసి, "పదండి డాక్టర్, మనం ఈలోగా టీ తాగొద్దాం" అన్నాడట. ఆ సర్జనే కోపంతో "ఆవిరమ్మ" అని పేరు పెట్టాడు. తర్వాత్తర్వాత ఆయన సొంత కూతురికి ఆపరేషన్ అవసరమైనప్పుడు, "ఆవిరమ్మ డ్యూటీలో ఉన్న రోజు పెట్టుకుందాం" అన్నాడు. ఈ మాట ఆసుపత్రి అంతటికీ తెలుసు. మా అత్తయ్య మాత్రం ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. నాకు చెప్పింది అక్కడి నర్సులు.

ఇంతకీ అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. గిన్నె గిన్నెకి ఆనకూడదు. ఆరిన బట్టని చెంపకి ఆనించి చూసిగానీ మడవదు. నేను బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో పనిచేస్తాను. రోజంతా మైకులో బస్సుల వేళలు అరిచి, ఇంటికొస్తే నా గొంతు ఇంకా అదే స్థాయిలో ఉంటుంది. మాకు మాటామాటా వచ్చిందంటే వీధి చివరివరకూ కార్యక్రమమే. మా ఆయన లారీ డ్రైవరు. వారంలో నాలుగు రోజులు దూరప్రయాణం. మిగతా మూడు రోజులూ మా ఇద్దరి మధ్యా గోడమీద పిల్లిలా ఉంటాడు. అయినా నిజం చెప్పాలి. అత్తయ్య రిటైరయ్యాక మా అయిదేళ్ళ పిల్లని బడికి పంపడం, తీసుకురావడం, తినిపించడం, నిద్రపుచ్చడం అంతా ఆవిడే. ఆవిడ లేకపోతే నా ఉద్యోగం లేదు. ఆ సంగతి నాకు ఎముకల్లో తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా సంఘంలో పెరిగిన డాక్టరమ్మ పదేళ్ళ క్రితం సముద్రం అవతల ఒక బీద ఊళ్ళో మిషన్ ఆసుపత్రికి వెళ్ళింది. ఏటా ఒక ఆదివారం ఆవిడ పనికోసం కానుకలు పట్టి, "కోత చాలా ఉంది, పనివాళ్ళని పంపు ప్రభువా" అని కన్నీళ్ళతో ప్రార్థిస్తాం. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది నేనే. ఆ ఏడు డాక్టరమ్మ, ఆపరేషన్ సమయంలో రోగి మీద కప్పడానికి నలభై నూలు దుప్పట్లు కావాలని రాసింది. స్త్రీల సమాజానికి నేను కార్యదర్శిని. ఉత్త దుప్పట్లు పంపితే ఏం బాగుంటుంది? నాలుగు మూలలా వాక్యాలు, చుట్టూ పూలు, ఎరుపు ఆకుపచ్చ నీలం పట్టుదారాలతో కుట్టాం. రెండు నెలల శనివారాలు. వేళ్ళు పుళ్ళయ్యాయి.

అత్తయ్య ఒక శనివారం వచ్చి చూసింది. "ఇవి ఆపరేషన్‌కేనా?" అంది.

"అవునత్తయ్యా. ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి. కానీ ఇంత మందంగా కుడితే ఆవిరి లోపలికి ఎలా వెళ్తుంది? వెళ్ళినా ఆరదు. రంగు కారుతుంది. ఇవి మనం ఉంచుకుని, సాదావి పంపండి."

నాకు ఒళ్ళు మండింది. ఇరవైమంది ఆడవాళ్ళ ముందు! "మీకు ప్రపంచమంతా ఆసుపత్రే! మేం ప్రేమతో కుట్టాం" అన్నాను.

"ప్రేమ ఉంటే అంచులు గట్టిగా కుట్టి పంపు తల్లీ" అని వెళ్ళిపోయింది. వారం రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. దుప్పట్లు పూలతోనే వెళ్ళాయి.

నాలుగు నెలలకి డాక్టరమ్మ ఉత్తరం వచ్చింది. మా పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో చదివారు. "మీరు పంపిన అందమైన దుప్పట్లని వార్డు గోడలకి తగిలించాం, రోగులు చూసి ఎంతో సంతోషిస్తున్నారు." గోడలకి! నాకు తల కొట్టేసినట్టయింది. అత్తయ్య నావైపు చూస్తుందేమోనని పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను. ఆవిడ చూడలేదు. ఆవిడ చూపు ఉత్తరం మీదే ఉంది.

తర్వాతి మాటలు వేరుగా ఉన్నాయి. ఆపరేషన్లు బాగానే జరుగుతున్నాయట. కానీ పదిమందిలో నలుగురికి గాయం చీము పడుతోంది. కొత్త ఆటోక్లేవ్ వచ్చినా తేడా లేదు. పోయిన నెల ఒక తల్లికి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. తొమ్మిదో రోజు ఆ తల్లి పోయింది. "బిడ్డని మీ దుప్పట్లలో ఒకదాన్లో చుట్టి తండ్రి చేతికిచ్చాం. మాకోసం ప్రార్థించండి" అని ముగించింది.

అందరం కళ్ళు ఒత్తుకుంటున్నాం. అయ్యగారు "తలలు వంచుదాం" అన్నారు. అప్పుడు వెనక బల్లమీదనుంచి మా అత్తయ్య లేచి నిలబడింది.

"అయ్యగారూ, డ్రమ్ములు ఎంతవరకు నింపుతున్నారో రాసిందా?"

సంఘమంతా వెనక్కి తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు తికమకపడి ఉత్తరాన్ని మళ్ళీ తిప్పి చూసి, "లేదమ్మా... ప్రార్థన చేద్దాం" అన్నారు.

"చేద్దామండి. చేసి, అడుగుదాం కూడా. ఆ అమ్మాయి రాసింది వింటుంటే నాకు అర్థమైంది. వాళ్ళు కూరి నింపుతున్నారు, ఆవిరి మధ్యకి పోవడం లేదు" అని కూర్చుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ సాయంత్రం ఆవిడ చెబుతుంటే ఉత్తరం రాసింది నేనే, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. రాస్తూ రాస్తూ నోరు తెరిచాను. గుడ్డ గుడ్డకీ మధ్య అరచేయి దూరుతుందా? డ్రమ్ము చిల్లులు లోపల పెట్టేముందు తెరుస్తున్నారా, బయటికి తీశాక మూస్తున్నారా? ఆవిరి వదిలాక తలుపు కొంచెం తీసి ఎంతసేపు ఆగుతున్నారు? వేడి కట్టని తీసి చల్లటి గట్టుమీద పెడుతున్నారా? కత్తెర కీలులో రక్తం ఎండకముందే ఎవరు కడుగుతున్నారు? ఆవిడ చదువు ఏడో తరగతి. ఒక్క కాగితం చూడకుండా గడగడా చెప్పింది. నేను తొమ్మిదేళ్ళుగా ఈవిడ కోడల్ని. ఈవిడ బుర్రలో ఇంత ఉందని ఆ రోజే తెలిసింది.

జవాబు నెలలో వచ్చింది, నేరుగా అత్తయ్య పేరుకే. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఈ ప్రశ్నలు అడగలేదు. మీరడిగిన ప్రతిదానికీ మా జవాబు తప్పే. నాకు కొయ్యడం, కుట్టడం వచ్చు, ఇది రాదు. ఒక్క ఏడాది వచ్చి, ఇక్కడి నలుగురు అమ్మాయిలకి నేర్పగలరా?"

అత్తయ్య దాన్ని మెల్లగా మూడుసార్లు చదువుకుంది. కళ్ళజోడు తీసి, "ఏమంటావమ్మాయ్?" అంది.

"మీ ఇష్టం అత్తయ్యా. దేవుని పని, నేనేమంటాను?" అన్నాను నోటితో.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి, అమ్మగారింటికి, అంటే అయ్యగారి భార్య దగ్గరికి, వెళ్ళాను. "అమ్మగారూ, ఆవిణ్ణి పంపకండి. నేను అడ్డం పడ్డానని తెలియకూడదు. ఆవిడ వెళ్తే పిల్లని ఎవరు చూస్తారు? నా ఉద్యోగం పోతుంది. మీరే ఎలాగో సర్దేయండి" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఏళ్ళ తరబడి పనివాళ్ళని పంపమని ఏడ్చి ప్రార్థించిన మనిషిని నేనే. ప్రభువు నా ఇంటి తలుపే తడితే వెనక గుమ్మంలోంచి దూకి పారిపోయాను.

వారానికి కమిటీ అత్తయ్యని పిలిచింది. తోడు నేనే వెళ్ళాను. గుడి వెనక గదిలో పొడుగాటి బల్ల, అటువైపు ఏడుగురు పెద్దలు, ఇటువైపు ఒక్క కుర్చీ.

"మీకు పిలుపు ఎప్పుడు వచ్చింది?" అని సెక్రటరీగారు అడిగారు.

"మొన్న అయ్యగారు ఉత్తరం చదివినప్పుడండి."

"అది కాదమ్మా. దర్శనంలాంటిది ఏమన్నా..."

"లేదండి. ఉత్తరమే."

"అక్కడ సువార్త ఎలా చెబుతారు? ఒక చిన్న ప్రసంగం చేసి చూపిస్తారా?"

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "నాకు ప్రసంగం రాదండి. ఆపరేషనైన మనిషి బతికి ఇంటికెళ్తే, ముక్కూమొహం తెలీని మాకోసం ఇంత దూరం ఎందుకొచ్చారని వాళ్ళే అడుగుతారు. అప్పుడు ప్రభువు పంపాడని చెబుతాను. ఆమాత్రం ముక్క వాళ్ళ భాషలో నేర్చుకుంటాను."

ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పది రోజులకి కాగితం వచ్చింది: వయసు రీత్యా, ప్రసంగ అనుభవం లేనందువల్ల ప్రస్తుతానికి వీలుపడదు. అత్తయ్య చదివి మడిచి పెట్టింది. "పిల్లకి బడి టైమయింది" అని చెప్పులు వేసుకుంది. హమ్మయ్య అనుకున్నాను. ఆ రోజు మైకులో నా గొంతు ఎంత హుషారుగా ఉందంటే, కంట్రోలరుగారు "జీతం పెరిగిందా అమ్మా?" అని అడిగారు.

ఆ హుషారు ఎన్నాళ్ళో నిలవలేదు. రెండు నెలలకి డాక్టరమ్మనుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అత్తయ్య బియ్యం ఏరుతోంది, నేనే చదివి వినిపించాను. మీరు రాసిన ప్రకారం డ్రమ్ములు వదులుగా నింపుతున్నాం, కొంత మేలు. కానీ ఏది ఆరిందో ఏది ఆరలేదో మా అమ్మాయిలకి తెలియడం లేదు. కట్టమీద చెయ్యి వేసి "వేడిగానే ఉంది, ఆరినట్టే" అంటున్నారు. ఈ నెల ఇంకో తల్లి...

నేను ఆగిపోయాను. అత్తయ్య చేతులు చేటలోనే ఉండిపోయాయి. "వేడి వేరు, ఆరడం వేరు" అంది మెల్లగా. "చెయ్యి పట్టుకుని చూపించాలి. నేనెంత రాసినా, కాగితం మీద తడి తెలీదు." అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. కమిటీని అనలేదు. లేచి బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. మేమిద్దరం గొంతులు చించుకుని, సాయంత్రానికి మామూలైపోయేవాళ్ళం. ఆ మౌనం నన్ను నమిలేసింది. మర్నాడు కౌంటర్లో ఒక గర్భిణి వచ్చి, "ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందక్కా?" అని అడిగింది. వేలుతో చూపించి, కౌంటర్ మూసేసి, సెలవు చీటీ రాసిచ్చి, తిన్నగా సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన గుడి వెనక గదిలో ఏవో కాగితాలు సర్దుకుంటున్నారు. కూర్చోమనేలోపే మొదలుపెట్టాను. "సార్, ఆవిణ్ణి ఆపింది నేను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ప్రసంగం రాదని రాశారు. ప్రసంగం ఎవరిక్కావాలి సార్ అక్కడ? ప్రసంగాలు చేసేవాళ్ళని ఇద్దర్ని పంపాం కదా!"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "కూర్చో తల్లీ. ఆ రోజు ఆవిడ మాట్లాడాక కమిటీలో ఏడుగురిలో ఆరుగురు పంపాలనే అన్నారు. ప్రసంగం సంగతి మేం సర్దుకునేవాళ్ళం. అమ్మగారు నీ సంగతి చెప్పారు."

"మరి నా పేరు రాయలేదేం?"

"కోడలు వద్దన్నందువల్ల అని రాస్తే, అదే ఇంట్లో మీరిద్దరూ ఎలా ఉంటారమ్మా? అందుకని నింద మేం వేసుకున్నాం" అని దగ్గారు. అదిగో, ఆ దగ్గే. "నువ్వు ఆవిడతో మాట్లాడు. నీ నోటితో సరేనంటే, రేపే కాగితం మారుస్తాం."

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య గుమ్మంలో కూర్చుని పిల్లకి జడ వేస్తోంది. నిలబడే చెప్పేశాను. "అత్తయ్యా, మిమ్మల్ని ఆపింది కమిటీ కాదు, నేను. అమ్మగారింటికి వెళ్ళి..."

"తెలుసు" అంది, జడ అల్లడం ఆపకుండా.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఆ రోజు వచ్చి నాకు అడక్కుండానే రెండుసార్లు టీ ఇచ్చావు. తొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడన్నా ఇచ్చావా?"

నవ్వాలో ఏడవాలో తెలీక గుమ్మంలోనే కూలబడ్డాను. "మరి కడుపులో ఎందుకు దాచుకున్నారు? నాలుగు తిట్టచ్చు కదా!"

"తిడితే పంపుతావు. ఏడుస్తూ పంపుతావు. అక్కడ నేను ఆ పిల్లల చేతులు పట్టుకుని నేర్పాలమ్మాయ్. నా మనసు ఇక్కడ నీ ఏడుపులో ఉంటే ఏం నేర్పుతాను? దేవుడు పిలిచాడని ఇంట్లోంచి దొంగలా పోలేను. నువ్వు పంపితే వెళ్తాను."

"పంపుతున్నాను" అన్నాను. ఏడుస్తూనే అన్నాను, కానీ మనసారా అన్నాను. పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "జడ అయిపోయిందా?" అని అడిగింది.

మా ఆయన ఇంటికొచ్చాక విషయం చెప్పాను. యథాప్రకారం "అమ్మ ఇష్టం, నీ ఇష్టం" అని నీళ్ళు నమిలాడు. "మా ఇష్టాలు అయిపోయాయి, ఇప్పుడు నీ వంతు" అన్నాను. రెండు రోజులు పరధ్యానంగా తిరిగాడు. మూడో రోజు దూరం లారీ వదిలేసి, ఊళ్ళో పాలవ్యాను నడిపే పనిలో చేరి వచ్చాడు. తెల్లవారుజామున వెళ్ళి బడి వదిలేవేళకి ఇంట్లో ఉంటాడు. "అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గదిలో ఉడికి నన్ను చదివించింది. నేను పిల్లని బడినుంచి తీసుకురాలేనా?" అన్నాడు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఆ మనిషి గోడ దిగాడు.

పంపే ఆదివారం సంఘం కిక్కిరిసింది. ఇంటివాళ్ళలో ఒకరు మాట్లాడాలన్నారు. మా ఆయన నన్ను ముందుకు తోశాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాను. మా సంఘంలో నా గొంతుకి మైకు పెడితే అద్దాలు పగుల్తాయి. పూల దుప్పట్ల సంగతి చెప్పాను, అమ్మగారింటికి వెళ్ళిన సంగతి చెప్పాను. "పనివాళ్ళని పంపు ప్రభువా అని ఇన్నేళ్ళూ ప్రార్థించాం. పంపు, కానీ మా ఇంట్లోంచి వద్దు అని లోపల అనుకుంటూ ప్రార్థించాం. నేనైతే అలాగే ప్రార్థించాను" అన్నాను. పెద్దలు అత్తయ్య తలమీద చేతులుంచి ప్రార్థించారు. స్త్రీల సమాజం ఈసారి నలభై దుప్పట్లు అంచులు మాత్రం గట్టిగా కుట్టి ఇచ్చింది. ఒక్క పువ్వు లేదు. అత్తయ్య ఒక్కోటి లాగి చూసి, "ఇదీ దుప్పటంటే" అంది. ఆ మెప్పుకి నేను పొంగిపోయాను.

ఆవిడ వెళ్ళింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఎప్పుడూ విమానం మొహం చూడని మనిషి. ఆదివారాలు ఫోన్ చేసేది. వాళ్ళ భాషలో మొదట నేర్చుకున్నవి నాలుగే మాటలట: తడి, ఇంకా లేదు, మళ్ళీ, బాగుంది. వాటితోనే నెట్టుకొచ్చింది. అమ్మాయిల మణికట్టు పట్టుకుని గుడ్డల మధ్యకి తోసేది. ఆరిన కట్ట ఒకటి, ఆరనిది ఒకటి చెరో చేతిలో పెట్టి, కళ్ళు మూసుకోమనేది. తప్పు చెబితే "మళ్ళీ". మూడు నెలలు రోజుకి ఇరవైసార్లు "మళ్ళీ". ఆ నలుగురూ ఆవిణ్ణి చాటుగా "మళ్ళీ అమ్మమ్మ" అని పిలిచేవారట. డాక్టరమ్మ ఫోన్లో చెప్పి నవ్వింది.

ఏడో నెలలో డాక్టరమ్మ రాసింది. పది వారాలుగా ఒక్క గాయం కూడా చీము పట్టలేదు. ఆపరేషన్ చేసి బిడ్డని తీసిన ఒక తల్లి, ఎనిమిదో రోజు తన బిడ్డని తనే ఎత్తుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. వెళ్ళేముందు ఆవిరి గది గుమ్మంలో ఆగి, "మీరెవరు, మాకోసం ఎందుకొచ్చారు?" అని అత్తయ్యని అడిగింది. అత్తయ్య నేర్చుకున్న ఆ ఒక్క ముక్కా చెప్పింది. ఆ తల్లి ఇప్పుడు తన భర్తతో కలిసి ఆసుపత్రి ప్రార్థనకి వస్తోందట.

ఆ ఉత్తరం నాకు డ్యూటీలో ఉండగా అందింది. ఒక్కదాన్నే ఎలా దాచుకోను? మైకు నొక్కాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఏడో నంబరు ప్లాట్‌ఫాం మీద బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అలాగే, మా అత్తగారు నేర్పిన ఆసుపత్రిలో పది వారాలుగా ఎవరికీ చీము పట్టలేదు." బస్టాండంతా నా కౌంటర్ వైపు తిరిగింది. తర్వాత కూలీలు చప్పట్లు కొట్టారు. కంట్రోలరుగారు మెమో ఇచ్చారు. దాన్ని ఇంట్లో గోడకి అంటించాను.

ఏడాది పూర్తి కావచ్చింది. అత్తయ్య మంచం కింద దులిపాం, పరుపు ఎండలో వేశాం. ఇంకా పన్నెండు రోజులని పిల్ల వేళ్ళమీద లెక్కపెడుతోంది. ఆ ఆదివారం ఫోన్లో అత్తయ్య గొంతు అదోలా ఉంది.

"అమ్మాయ్, ఇక్కడినుంచి పడవమీద రెండు రోజులు వెళ్తే ఇంకో ఆసుపత్రి ఉంది. వాళ్ళ డాక్టరు వచ్చి మా గది చూసి వెళ్ళాడు. ఇంకో ఏడాది వాళ్ళ దగ్గరికి రమ్మంటున్నారు. మా నలుగురిలో ఒక పిల్ల నాకు తోడొస్తానంటోంది. టికెట్టు నా చేతిలోనే ఉంది. నువ్వు కాదంటే పన్నెండు రోజుల్లో ఇంట్లో ఉంటాను."

"ఏడాది అన్నారు! ఏడాదంటే ఏడాదే!" అని అరిచేశాను. ఈసారి పరిగెత్తడానికి అమ్మగారిల్లు లేదు, నింద వేసుకోవడానికి కమిటీ లేదు. పిల్ల నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. పక్కింట్లో పసిబిడ్డ ఏడుస్తోంది, వాళ్ళమ్మ ఊరుకోబెడుతోంది. ఆ రెండు గొంతులూ వింటూ నిలబడ్డాను.

"అక్కడ పదిమందిలో ఎంతమందికి చీము పడుతోంది అత్తయ్యా?"

"అయిదుగురికి."

"టికెట్టు తేదీ మార్పించుకోండి" అన్నాను.

అత్తయ్య ఫోను పక్కకి పెట్టి అక్కడున్నవాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఒక్కసారిగా ఆడపిల్లల అరుపులు, చప్పట్లు.

"ఏం చెప్పారు?" అన్నాను.

"మా ఇంట్లో నా కూతురు ఒకతి ఉంది, అది పంపుతోందని చెప్పాను" అంది.

కూతురు అంది. కోడలు అనలేదు. ఫోను పెట్టేశాక పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇద్దరం వెక్కి వెక్కి ఏడ్చాం. పిల్లది దిగులు. నాకూ దిగులే. కానీ ప్రమాణం చేసి చెబుతున్నాను, నా ఏడుపులో గర్వమే ఎక్కువ.